అందరికిని ఒకే పాఠము – సమదృష్టి యగునా?

విద్యాదానము దానములలో శ్రేష్ఠమని పెద్దలు చెప్పుదురు. అన్నము పెట్టినచో ఆ పూట ఆకలి తీరును. విద్య నేర్పినచో జన్మాంతము వెలుగు నిలుచును. ఐతే ఇచ్చువాని చేయి విడిచినంత మాత్రమున దానము పూర్తికాదు. పుచ్చుకొనువాని చేతికి అందినప్పుడే అది దానమనిపించుకొనును. గురువు పాఠము చెప్పెను, శిష్యునకు అందలేదు. అప్పుడచ్చట విద్యాదానము జరిగినట్లా, జరుగనట్లా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, దీని వెనుక ధర్మమునకు సంబంధించిన పెద్ద విచారము కలదు.

ఉపాధ్యాయుడు తన యెదుట కూర్చున్న బిడ్డలందరికిని ఒకే పాఠమును, ఒకే విధముగ, ఒకే వేగముతో చెప్పుట న్యాయమా? లేక ఒక్కొక్క బిడ్డ ఏ మెట్టుపై నిలిచియున్నదో కనుగొని, అచ్చటినుండి చేయిపట్టి నడిపించుట న్యాయమా? మొదటిదానిలో పక్షపాతమునకు తావు లేదు. రెండవదానిలో దయ కలదు. పక్షపాతము లేకుండుటయు ధర్మమే, దయయు ధర్మమే. ఆ రెండును ఒకదానికొకటి యెదురు నిలిచినట్లు తోచినపుడు గురువేమి చేయవలెను? బిడ్డలను బడికి పంపు గృహస్థుడేమి కోరవలెను?

బోరబండలో ఒక తరగతి

హైదరాబాదు నగరమున ఎర్రగడ్డ, సనత్‌నగర్‌లకు సమీపమున బోరబండ యను ప్రాంతము కలదు. కూలిపనికి, కార్ఖానా పనికి, ఇండ్లలో పనికి పోవు కుటుంబములు ఇచ్చట పెక్కు. పలు జిల్లాలనుండి బ్రతుకుతెరువునకై వచ్చి స్థిరపడినవారు కలరు. తెలుగు, ఉర్దూ, హిందీ భాషలు పక్కపక్క ఇండ్లలో వినబడును. ఇట్టి బస్తీ బడిలో మూడవ తరగతిని ఒకదానిని మనస్సున భావింతము.

నలుబదిమంది బిడ్డలు నేలపై కూర్చుండియున్నారు. వారిలో ఒక బాలిక కథల పుస్తకమును తడుముకొనకుండ చదువును. దాని పక్కనున్న బాలునకు అక్షరములు వచ్చును గాని వత్తులు వచ్చినచోట నాలుక నిలిచిపోవును. మూడవ బిడ్డ ఇంటిలో ఉర్దూ మాటలాడును. తెలుగులో చెప్పిన లెక్క అర్థమగును గాని తెలుగులో వ్రాయుటకు చేయి సాగదు. నాలుగవవాని తండ్రి తాపీమేస్త్రీ; కట్టడము ఎచ్చట లేచిన అచ్చటికి కుటుంబము తరలుటచే ఏడాదిలో రెండు బడులు మారినవి. ఐదవది వెనుక వరుసలోని చిన్నది. నల్లబల్లపై వ్రాసినది దాని కంటికి ఆనదు. ఆ సంగతి తల్లిదండ్రులకు తెలియదు, టీచరునకు తెలియదు. అందరికిని లోకమట్లే కనబడునని దాని తలంపు.

2022–23 విద్యాసంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగ పుస్తకములు అచ్చువేసిరి. కావున ఇంటి భాష, బడి భాష, పుస్తకపు భాష మూడును వేరైన బిడ్డలు కూడ ఆ తరగతిలో ఉందురు.

ఆ దినమున పాఠము, అప్పు తెచ్చుకొని చేయు తీసివేత. టీచరు శ్రద్ధ కలవారు. బల్లపై మూడు లెక్కలు చేసి చూపిరి. అందరికిని అర్థమైనదా యని అడిగిరి. అందరును ఒక్క గొంతుతో అర్థమైనదనిరి. ఆ అయిదుగురిలో ఆ పాఠము నిజముగ అందినది ఒక్కరికో ఇద్దరికో మాత్రమే. ఈ బిడ్డలలో తెలివి లేనివారెవ్వరును లేరు. ఒక్కొక్కరు ఒక్కొక్కచోట నిలిచియున్నారు, ఒక్కొక్కరు ఆగుటకు ఒక్కొక్క కారణము కలదు. ఒకనికి వత్తులు నేర్పవలెను, ఒకనికి జరిగిపోయిన పాఠములు చెప్పవలెను, చిన్నదానికి కంటి అద్దములు ఇప్పించవలెను. ఐదు వ్యాధులకు ఒకే చూర్ణము పంచిన వైద్యుని మనము నిష్పక్షపాతియని మెచ్చుకొనము.

ఇది ఊహకు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. దిల్లీ నగరములోని ఉన్నతప్రాథమిక తరగతుల బిడ్డలపై 2015లో జరిగి, 2019లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనమున ఇట్టి విషయమే తేలినది. ఆరవ తరగతికి చేరునప్పటికే అందలి బిడ్డలు గణితమున సగటున రెండున్నర తరగతులు వెనుకబడియుండిరి. పై తరగతులకు పోవుకొలది ఆ అంతరము పెరుగుచునే యుండెను. అందరికంటె వెనుక నున్న మూడవవంతు బిడ్డలు మామూలు బోధవలన ఏడాది పొడవునను ముందుకు సాగిన జాడ కనరాలేదు. ఆ బిడ్డలు ప్రతిదినము బడికి పోవుచుండిరి. పాఠము వారి తలలమీదుగ పోవుచుండెను. బిడ్డ నిలిచిన మెట్టును కనిపెట్టి అచ్చటినుండి అభ్యాసమిచ్చినపుడు మాత్రము వెనుకనున్నవారును, ముందున్నవారును ఇరువురును సాగిరి.

సమత్వమనగా ఏమి?

ఆలయమున అర్చకస్వామి భక్తుల శిరస్సులపై శఠారి ఉంచు తీరును తీర్థయాత్ర చేసినవారందరును చూచియుందురు. శఠారి ఒక్కటియే, ఆశీర్వచనము ఒక్కటియే. ధనికుడని బంగారు శఠారియు, పేదయని మరియొకటియు ఉండవు. ఐనను అర్చకుని చేయి ఒకే యెత్తున నిలువదు. పొడగరికి చేయి పైకెత్తును. తల్లి చంకలోని శిశువునకు మెల్లగ తాకించును. నడుము వంగిన వృద్ధునకు తాను ముందునకు వంగును. చేయి ఒకే యెత్తున నిలిపి, అందినవారికి అందినది, అందనివారి కర్మము వారిదని ఆయన తలచినచో, అది సమదృష్టి యగునా? అందరి శిరస్సులకును అది తగులవలెనను పట్టుదల యుండుటచేతనే ఆ చేయి ఎత్తు మారుచున్నది.

బోధకును ఇదే న్యాయము. చేరవలసిన విద్య అందరికిని సమానము. చేర్చు తీరు మాత్రము బిడ్డనుబట్టి మారవలెను. మన దేశపు చట్టము కూడ ఇట్లే చెప్పుచున్నది. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన బాలల విద్యాహక్కు చట్టమున, 24వ విభాగము ఉపాధ్యాయుని విధులను పేర్కొనుచు, ప్రతి బిడ్డయొక్క అభ్యసనశక్తిని అంచనావేసి, దాని కనుగుణముగ అవసరమైనచో అదనపు బోధ చేయవలెనని విధించినది. పాఠ్యప్రణాళికను గడువులోపల ముగించుట కూడ ఆ విభాగములోనే విధిగ చెప్పబడినది. ఈ రెండు విధుల నడుమ నలుగుచుండుటయే నేటి ఉపాధ్యాయుని కష్టము. పుస్తకమును ముగించినది పరీక్షాధికారికి కనబడును. బిడ్డను ఆగి చూచినది భగవంతునకు, ఆ బిడ్డకు మాత్రమే కనబడును.

బోరబండకు కొద్ది దూరముననే అమీర్‌పేట కలదు. మైత్రీవనము చుట్టుపట్ల నున్న కంప్యూటరు శిక్షణాలయములు దేశమంతట ప్రసిద్ధములు. అచ్చట ఒక్కొక్క గదిలో వందలమందికి ఒకే పాఠము చెప్పుదురు. అదియు విద్యయే కదా, అచ్చట చెల్లినది ఇచ్చట ఏల చెల్లదని అడుగవచ్చును. అచ్చటికి వచ్చువారు యౌవనవంతులు, పట్టభద్రులు. వారు మొదట డెమో క్లాసులో కూర్చుండి వినుదురు. బోధ తమకు పట్టుబడనిచో వేరొక గురువును వెదకికొందురు. అనగా తనకు తగిన బోధను ఎన్నుకొను భారము శిష్యుడే వహించుచున్నాడు. ఎనిమిదేండ్ల బిడ్డకు ఆ స్వాతంత్ర్యము లేదు. ఆ బడి, ఆ గది, ఆ గురువు. అంతియే వానికి గతి. ఎన్నుకొను శక్తి ఎవనికి లేదో, వానికి తగినట్లు మారవలసిన బాధ్యత ఎదుటివానిపై పడును. బలహీనుని యెడ బలవంతునకు ధర్మము ఎక్కువయని మన పెద్దలు నేర్పినది ఇదియే.

ఆచార్యులు చూపిన త్రోవ

మన ఆచార్యపరంపరలో ఇందుకు తార్కాణములు కలవు. ఉఱైయూరునకు చెందిన మల్లుడు ధనుర్దాసు భార్య కన్నుల యందమునకు దాసుడై, శ్రీరంగపు ఉత్సవమున జనులు నవ్వుచుండగ ఆమెకు గొడుగు పట్టి నడచుచుండెనట. శ్రీ రామానుజులవారు వానిని నిందింపలేదు, వైరాగ్యబోధ చేయలేదు. కన్నుల సౌందర్యమే నీకు ప్రియమైనచో అంతకంటె మిన్నయైన కన్నులను చూపుదునని శ్రీరంగనాథుని సన్నిధికి తోడ్కొనిపోయిరి. వాని హృదయము ఎచ్చట నిలిచియున్నదో అచ్చటనే ఆచార్యుని పాఠము మొదలైనది. ఆ మల్లుడు తరువాత పిళ్ళై ఉఱంగావిల్లి దాసరను పేరుతో భాగవతులలో గణ్యుడయ్యెను.

ఆ రామానుజులవారికే రహస్యార్థమును ఉపదేశించుటకు తిరుక్కోట్టియూర్ నంబి పదునెనిమిది పర్యాయములు త్రిప్పెనని గురుపరంపరా కథనము. ధనుర్దాసునకు గురువే యెదురు నడచిపోయెను. రామానుజులను గురువు పదునెనిమిదిమార్లు నడిపించెను. ఈ రెండును శిష్యునిబట్టి చేసిన బోధలే. శిష్యునకు తగినట్లు చెప్పుటయనగా పాఠమును సులభము చేయుటయేయని కొందరు భ్రమపడుదురు. బలము కలవానికి బరువైన పరీక్షయే తగిన బోధ కావచ్చును. కావున కథల పుస్తకము తడుముకొనకుండ చదువు బాలికకు వత్తుల పాఠము మరల మరల వినిపించుట కూడ అన్యాయమే. ఆమెకు ఇంకను కష్టమైన పుస్తకము కావలెను.

ద్రోణుని రెండు ముఖములు

ఐనను ఈ మార్గమున ప్రమాదములు లేకపోలేదు. భారతమున ద్రోణాచార్యులు శిష్యుల శక్తిని ఎరిగి బోధించిన గురువు. ఆయన వద్ద భీమదుర్యోధనులు గదయందును, నకులసహదేవులు ఖడ్గమునందును, ధర్మరాజు రథయుద్ధమునందును, అర్జునుడు ధనుర్విద్యయందును మేటులైరి. ఒకే ఆశ్రమమున ఇన్ని విద్యలు ఇందరిలో వికసించుట గురువు చూపునకు కీర్తి. కాని ఆ చూపే అర్జునునిపై మమకారముగ మారినది. ఏకలవ్యుని శక్తిని ద్రోణుడు గుర్తింపకపోలేదు. గుర్తించియే బొటనవ్రేలు దక్షిణగ అడిగెను. శిష్యుల నడుమ భేదమును చూడగల కన్ను, తన మనస్సులోని పక్షపాతమును చూడలేనిచో ఎట్టి అనర్థము కలుగునో చెప్పుటకు ఆ వ్రేలు చాలును.

నేటి తరగతిలో ఈ ప్రమాదము మరియొక రూపమున వచ్చును. ముందు వరుస తెలివైనవారిది, వెనుక వరుస మొద్దులది యని గీత గీయుదురు. ఆ గీత ఒకసారి పడినచో ఏండ్లతరబడి చెరగదు. ఈ బిడ్డకు ఇంతే వచ్చునని గురువు నమ్మినచో, ఆ బిడ్డకు అంతే చెప్పును. అంతే చెప్పినందున అంతే వచ్చును. చూచితిరా, నేను చెప్పినదే నిజమైనదని గురువు తృప్తిపడును.

ఇట్టి ముద్రలు శాస్త్రము పేరుతో కూడ వచ్చినవి. కొందరు బిడ్డలు కంటితో నేర్తురు, కొందరు చెవితో నేర్తురు, కొందరు చేతిపనితో నేర్తురు, ఆ జాతిని కనిపెట్టి ఆ ద్వారముననే బోధింపవలెనని ఒక వాదము లోకమంతట వ్యాపించినది. 2008లో అమెరికాకు చెందిన నలుగురు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు దీనిపై జరిగిన పరిశోధనలను పరిశీలించి, అట్లు జాతులుగ విభజించి బోధించుటవలన ఎక్కువ నేర్తురనుటకు తగిన ఆధారము లేదని తేల్చిరి. మన అనుభవమును ఇట్లే చెప్పును. రాగమును చెవితోనే నేర్వవలెను, ముగ్గును కంటితో చూచి చేతితో నేర్వవలెను. అది విద్యను బట్టి వచ్చిన నియమము. బిడ్డకు చూడవలసినది జాతి కాదు, స్థానము. ఏమి వచ్చును, ఏమి రాదు, ఎచ్చట ఆగినది, ఏల ఆగినది, ఏ భాషలో తలచుచున్నది – వీనిని తెలిసికొనవలెను. జాతి యనుకొన్నచో అది మారదు. స్థానము నేడొకటి, రేపొకటి.

తిరుమల కొండకు పోవు మెట్లత్రోవలో వృద్ధులు ఆగి ఆగి ఎక్కుదురు. యువకులు గోవింద నామముతో పరుగున పోవుదురు. పసిబిడ్డలను తండ్రులు భుజముపై మోయుదురు. అలిపిరి నుండి ఎక్కువారు కలరు, శ్రీవారి మెట్టు నుండి ఎక్కువారు కలరు. ఆలస్యముగ వచ్చినవానికి స్వామి సగమే దర్శనమిచ్చుట లేదు. అట్లని నడువలేనివాని కొరకు కొండనే సగమునకు దించినవారును లేరు. గురువు త్రోవను మార్చవచ్చును, వేగమును మార్చవచ్చును, చేయూత నీయవచ్చును. గమ్యమును మాత్రము దించరాదు. పేదవాని బిడ్డకు ఈపాటి చదువు చాలునని గమ్యమును దించుట దయ యనిపించుకొనదు, అది అవమానము.

నలుబదిమందికి ఒక్కరు – సాధ్యమేనా?

ఇదంతయు వినుటకు ఇంపుగ నున్నది గాని, నలుబదిమందికి నలుబది పాఠములు చెప్పుట మానవునకు సాధ్యమాయని ఉపాధ్యాయులు అడుగుదురు. ఆ ప్రశ్నలో న్యాయమున్నది. దానికి తెలుగునాటనే ఒక సమాధానము పుట్టినది.

మదనపల్లె సమీపమున జిడ్డు కృష్ణమూర్తిగారు స్థాపించిన రిషివ్యాలీ విద్యాలయమునకు అనుబంధముగ, చుట్టుపట్ల పల్లెలలో చిన్నచిన్న బడులు వెలసినవి. ఒక్కొక్క బడిలో ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, ఒకటి నుండి ఐదు తరగతుల బిడ్డలు. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల దశాబ్దము నుండి అచ్చట ఒక పద్ధతిని తీర్చిదిద్దిరి. పుస్తకమును చిన్న చిన్న కార్డులుగ విడదీసిరి. ఆ కార్డుల క్రమమును గోడపై ఒక నిచ్చెనగ చిత్రించిరి. ప్రతి బిడ్డకును నిచ్చెనపై తన మెట్టు తెలియును. తన కార్డును తానే తీసికొని పని మొదలుపెట్టును. క్రొత్త పాఠము నేర్చువారు గురువు చెంత కూర్చుందురు. అభ్యాసము చేయువారు తోటివారితో కలిసి చేయుదురు. వచ్చినదానిని స్థిరపరచుకొనువారు ఒంటరిగ చేయుదురు. బడి మానిన బిడ్డ తిరిగి వచ్చినపుడు తాను విడిచిన మెట్టు నుండియే సాగును. తాపీమేస్త్రీ కొడుకునకు కావలసినది ఇదియే కదా! కర్ణాటకమున 1995లో హెగ్గడదేవనకోట ప్రాంతమున మొదలైన నలి-కలి బడులకు, 2003లో చెన్నై నగరపాలక సంస్థ బడులలో మొదలై పిమ్మట తమిళనాడంతట వ్యాపించిన పద్ధతికిని ఈ పల్లెబడులే ప్రేరణ. తెలంగాణలో 2022లో ప్రాథమిక తరగతులకై ప్రారంభించిన తొలిమెట్టు కార్యక్రమమును, బిడ్డకు చదువుట, వ్రాయుట, లెక్క చేయుట ఎంతవఱకు వచ్చునో మొదట పరీక్షించి అచ్చటినుండి నేర్పవలెనను తలంపుతోనే వచ్చినది.

సికింద్రాబాదులోని మనోవికాసనగరమున 1984లో బౌద్ధిక వైకల్యముగల బిడ్డల కొరకు కేంద్రప్రభుత్వము ఒక జాతీయ సంస్థను నెలకొల్పినది. ఆ బిడ్డల విద్యలో ప్రతి బిడ్డకును వేరుగ ఒక బోధప్రణాళిక వ్రాయుట పరిపాటి. ఎవరికి అత్యంత కష్టమో వారి కొరకు ఏర్పడిన ఈ మర్యాద, బస్తీ బడిలోని బిడ్డకు కొంతయైనను అందకూడదా?

ఐతే ఈ పద్ధతులలో ఏదియు ఉపాధ్యాయుని కన్నునకు బదులు కాజాలదు. కార్డులున్నను చూచువారు లేనిచో అవి కాగితపు ముక్కలే. నలుబది పాఠములు అక్కరలేదు. మూడు నాలుగు జట్లు చాలును. కాని ఆ జట్లు నెలకొకసారియైనను మారవలెను. వ్రాతలో వెనుకబడినవాడు లెక్కలో ముందుండవచ్చును; వానిని అచ్చట ముందుంచవలెను. వచ్చినవాడు రానివానికి చెప్పవలెను. చెప్పినందున వానికి మరింత స్థిరపడును. సంఖ్య మితిమీరినచోట ప్రభుత్వము మరియొక ఉపాధ్యాయుని ఈయవలెను. గురువు ఒక్కని భుజముపై లోకమంతటి లోపమును మోపుట కూడ అన్యాయమే.

గృహస్థుల వంతు

మన ఇండ్లలోనే ఈ ధర్మము మొదట పరీక్షకు నిలుచును. అన్నను చూచి నేర్చుకొమ్మని తమ్మునితో అనని ఇల్లు అరుదు. ఆ మాటవలన తమ్మునకు లెక్క రాదు. అన్నపై అసూయ మాత్రము వచ్చును. బడినుండి వచ్చిన బిడ్డను ఎన్ని మార్కులని అడుగుటకు ముందు, నేడు ఏది అర్థము కాలేదని అడిగినచో, అర్థము కాలేదని చెప్పుట తప్పు కాదని బిడ్డకు తెలియును. తరగతిలో అర్థమైనదని నలుబది గొంతులు కలిసి పలుకుటకు కారణము ఆ భయమే. తన బిడ్డకు టీచరు సులభమైన కార్డు ఇచ్చెనని తల్లి కోపింపకుండును గాక. ఆ కార్డు అవమానము కాదు, చేయూత. పొరుగు బిడ్డకు ఎక్కువ సమయమిచ్చెనని తండ్రి లెక్కింపకుండును గాక. ఆ బిడ్డ నిలిచిన మెట్టు క్రిందిది.

చదువు వచ్చిన వృద్ధులు, తీరిక గల గృహిణులు మన సమాజమున ఎందరో కలరు. సాయంకాలము ఒక గంట ఒక్క బస్తీ బిడ్డను ఎదుట కూర్చుండబెట్టుకొని అది చదువుచుండగ వినుట గొప్ప విద్యాదానము. పుస్తకములు పంచుట సులభము, వినుట కష్టము. ఎచ్చట తడబడినదో వినినవారికే తెలియును. ఆ తడబాటు దగ్గర ఆగి, కోపింపక, మరల ఒకసారి చదువుమని చెప్పగలిగినవారే ఆ బిడ్డకు ఆచార్యులు.

సర్వాంతర్యామి ప్రతి హృదయమునందును వేరుగ నెలకొని, ఆ హృదయము తలుపు తెరచు సమయమునకై ఓర్పుతో వేచియుండునని మన విశ్వాసము. ఆ ఓర్పులో ఆవగింజంతయైనను మన బడులకును, మన ఇండ్లకును అబ్బుగాక! వెనుక వరుసలోని చిన్నదానికి బల్లపై అక్షరము స్పష్టముగ కనబడుగాక!